మిషన్ మీద ఒక కన్ను, సంచి మీద ఒక కన్ను

చలికాలం వస్తే ఇక్కడి బీచ్‌లకు ప్రాణం లేచొస్తుంది. సెలవు రోజు పొద్దున్నే అజ్మాన్ కార్నిష్‌కో, షార్జా అల్ ఖాన్ బీచ్‌కో వెళ్లి చూడండి. ఈత కొట్టేవాళ్లు, క్రికెట్ ఆడేవాళ్లు, పిల్లాపాపలతో వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్ల మధ్య అప్పుడప్పుడు ఇంకో రకం మనిషి కూడా ఉంటాడు. చెవులకు హెడ్‌ఫోన్, చేతిలో పొడుగాటి కడ్డీ, కడ్డీ చివర పళ్లెం లాంటి చక్రం. తల వంచుకుని, కడ్డీని ఇసుక మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంటాడు. అది మెటల్ డిటెక్టర్. ఒకప్పుడు ఇది తెల్లవాళ్ల సరదా అనుకునేవాళ్లం. ఇప్పుడు క్యాంపుల్లో ఉండే మనోళ్ల చేతుల్లోనూ అక్కడక్కడా చూస్తున్నాను.

మా క్యాంపులో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడున్నాడు. స్టీల్ ఫిక్సర్. ఊరెళ్లిపోతున్న ఒకాయన దగ్గర పాత మిషన్ కొన్నాడు. వారానికి ఒక్కరోజు సెలవు, ఆ రోజు బీచ్‌కు పోవాల్సిందే. ఏం దొరికేవంటే కూల్‌డ్రింక్ డబ్బాల మూతలు, తుప్పు పట్టిన మేకులు, ఎప్పుడైనా ఒక దిర్హమ్ బిళ్ల. అయినా వాడి సంతోషం వాడిది. ఒకరోజు మిషన్ గట్టిగా కూత పెట్టింది. సంచి పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. పది నిమిషాలు తవ్వితే పాతిక ఫిల్సుల బిళ్ల దొరికింది. లేచి చూస్తే సంచి లేదు. అందులో ఫోను, పర్సు, ఎమిరేట్స్ ఐడీ, జీతం కార్డు, చెల్లె ఫీజుకు పంపాల్సిన ఎనిమిది వందల దిర్హమ్‌లు ఉన్నాయి.

అంతటితో అయిపోలేదు. కార్డు పిన్ నంబరు చిన్న కాగితం మీద రాసి కార్డు కవర్లోనే పెట్టుకున్నాడు. ఆ రోజు సాయంత్రానికే కార్డులో ఉన్న జీతం కూడా పోయింది. మరి పోలీసుల దగ్గరికి పోయాడా అంటే, మూడు రోజులు పోలేదు. "నువ్వు అక్కడ ఏం తవ్వుతున్నవ్ అని అడిగితే ఏం చెప్పాలన్నా?" అన్నాడు నాతో. రూములో అందరూ వాడినే తిట్టారు. "పని చేసుకోనీకి వచ్చి ఈ వేషాలెందుకు, రూములో పడి ఉండొచ్చు కదా" అన్నారు.

ఈ మాటతో నాకు పేచీ ఉంది. వారంలో ఆరు రోజులు ఎండలో కడ్డీలు కట్టే మనిషి ఏడో రోజు సముద్రం ఒడ్డున నడవడం తప్పెలా అవుతుంది? తాగి పడుకోవడం కన్నా, పేకాటలో పోగొట్టుకోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు. వాడి సరదా తప్పు కాదు, ఒంటరిగా పోవడం తప్పు. జరిగింది చెప్పకుండా మూడు రోజులు దాచడం అంతకన్నా పెద్ద తప్పు.

సైట్‌లో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే చెప్తాను. ఎక్స్‌కవేటర్ కదలాలంటే బ్యాంక్స్‌మన్ ఉండి తీరాలి. ఆపరేటర్ కన్ను బకెట్ మీద ఉంటుంది. వెనక ఎవరు నడుస్తున్నారో అతనికి కనిపించదు. అది అతని నిర్లక్ష్యం కాదు, ఆ పని స్వభావమే అంత. తవ్వే ముందు కేబుల్ లొకేటర్ పట్టుకుని భూమిలో కరెంటు కేబుళ్లు వెతికే మనిషీ అంతే, చెవి మిషన్ కూత మీద, కన్ను నేల మీద. అందుకే అతనికి కాపలాగా ఇంకో మనిషిని పెడతాం. బీచ్‌లో మెటల్ డిటెక్టర్ పట్టినవాడిదీ అచ్చంగా అదే పరిస్థితి. చెవులు మూసుకుని, తల వంచుకుని, వీపు లోకం వైపు పెట్టి కూర్చున్న మనిషి కన్నా దొంగకు సులువైనవాడు ఎవడుంటాడు? కాబట్టి నా మొదటి మాట: ఇద్దరు పోండి. ఒకరు వెతకండి, ఒకరు బ్యాంక్స్‌మన్‌గా నిలబడండి. గంటకోసారి మారండి.

తోడు దొరకని రోజు కనీసం హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. సంచి నేల మీద పెట్టొద్దు. నడుముకు కట్టుకునే చిన్న సంచి కొనుక్కోండి, అందులో ఎమిరేట్స్ ఐడీ, ఫోను, బస్సు ఖర్చులకు పదో ఇరవయ్యో దిర్హమ్‌లు పెట్టుకుంటే చాలు. ఐడీ ఎప్పుడూ మన దగ్గర ఉండాలి కాబట్టి అది తప్పదు. జీతం కార్డు, పాస్‌పోర్టు బీచ్‌కు ఎందుకు? పిన్ నంబరు కాగితం మీద ఎందుకు? తవ్వేటప్పుడు మిషన్‌ను వెనక పడేయకండి, కళ్ల ముందు పెట్టుకోండి. జనం అసలే లేని చోటికి చీకట్లో పోవద్దు. ఏదైనా దొరికితే పైకెత్తి చూపించి కేక పెట్టొద్దు. చూసేవాళ్లలో ఎవరు ఎలాంటివాళ్లో మనకు తెలియదు.

మిషన్ కొనేటప్పుడూ జాగ్రత్త. పాతది కొంటే అమ్మినవాడి దగ్గర బిల్లు అడిగి తీసుకోండి, సీరియల్ నంబరు ఫొటో తీసి ఫోనులోనే కాకుండా ఇంట్లోవాళ్లకు కూడా పంపి పెట్టండి. ఆ మిషన్ ఎక్కడో దొంగిలించింది అయితే, కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. ఇంకో సంగతి. "పది మీటర్ల లోతులో బంగారం పట్టేస్తుంది" అని వేలకు వేలు చెప్పి అమ్మేవాళ్లుంటారు. నమ్మొద్దు. మామూలు మిషన్ ఒక నాణేన్ని జానెడు, మహా అయితే మూరెడు లోతులో పట్టగలదు. తడి ఇసుకలో ఉప్పు వల్ల చవక మిషన్లు ఊరికే కూత పెడుతుంటాయి. ఆశ చూపించి మన చేత డబ్బు పెట్టించేవాడు కూడా దొంగే, కాకపోతే షాపు పెట్టుకున్న దొంగ.

ఇక రెండో వైపు చూద్దాం. ఇది ఇంకా ముఖ్యం. దొంగల నుంచి మనల్ని మనం కాపాడుకోవడం ఒక ఎత్తు, మనమే దొంగ అనిపించుకోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. ఊళ్లో దారిలో ఉంగరం దొరికితే "నా అదృష్టం" అంటాం. ఇక్కడ ఆ మాట చెల్లదు. ఇక్కడి 2021 నాటి నేరాలు-శిక్షల ఫెడరల్ చట్టం ప్రకారం, పోయిన వస్తువు దొరికినవాడు దాన్ని సొంతం చేసుకుంటే రెండేళ్ల వరకు జైలు లేదా 20,000 దిర్హమ్‌లకు తగ్గని జరిమానా. దుబాయ్‌లో 2025లో దీనికోసమే వేరుగా చట్టం తెచ్చారు. దొరికిన వస్తువును 24 గంటల్లో పోలీసుల ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేయాలి, 48 గంటల్లో అప్పగించాలి. నిజాయితీగా ఇచ్చినవాడికి వస్తువు విలువలో 10 శాతం, 50,000 దిర్హమ్‌లు మించకుండా, బహుమతి ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఏడాది దాకా సొంతదారు రాకపోతే దొరికినవాడే దాన్ని అడగొచ్చు. అంటే దాచుకుంటే జైలు, ఇచ్చేస్తే మర్యాద. ఏది లాభమో లెక్క మీరే వేసుకోండి.

నాకు తెలిసిన ఒక పైప్ ఫిట్టర్‌కు పార్కులో ఫోను దొరికింది. సిమ్ తీసేసి తన సిమ్ వేసుకున్నాడు. వారం తిరగకముందే పోలీసులు క్యాంపుకు వచ్చారు. "దొంగతనం చేయలేదు సార్, దొరికింది" అన్నాడు. నిజమే చెప్పాడు, కానీ ఆ నిజం వాడిని కాపాడలేదు. ఊళ్లో అప్పు అలాగే ఉంది, మనిషి మాత్రం ఇంటికి చేరాడు. అదే ఫోను ఆ రోజే పోలీసులకు ఇచ్చి ఉంటే ఈపాటికి ఫోర్‌మన్ అయ్యేవాడు. ఇక్కడా బ్యాంక్స్‌మన్ అక్కరకొస్తాడు. పక్కన తోడున్నవాడు సంచికి కాపలా మాత్రమే కాదు, మన నిజాయితీకి సాక్షి కూడా.

బీచ్ సంగతి ఇలా ఉంటే, ఎడారి సంగతి ఇంకా గట్టిది. ఈ ఇసుక కింద నిజంగానే చరిత్ర ఉంది. దుబాయ్ ఎడారిలోని సరూక్ అల్ హదీద్ అనే చోటు 2002లో బయటపడింది. ఇనుప యుగం నాటి లోహపు వస్తువులు అక్కడ కుప్పలుగా దొరికాయి. ఎక్స్‌పో 2020 లోగో అందరం చూశాం కదా, అది అక్కడ దొరికిన ఒక బంగారు ఉంగరాన్ని చూసి గీసిందే. షార్జాలోని మ్లీహాలో ఒక్క మట్టి కుండలో 409 వెండి నాణేలు దొరికినట్టు 2021లో ప్రకటించారు. ఇవి విని మనోళ్లు మిషన్ పట్టుకుని ఎడారికి బయల్దేరితే కొంప మునుగుతుంది. 2017 నాటి పురావస్తు చట్టం ప్రకారం అనుమతి లేకుండా అలాంటి వాటికోసం తవ్వడం నేరం. పాత వస్తువు అనుకోకుండా కంటపడినా అధికారులకు చెప్పాలి. పార్కుల్లో, హోటళ్ల బీచ్‌లలో, పైపులైన్ల దగ్గర మిషన్ తీయనే వద్దు. మామూలు బీచ్‌లో కూడా గార్డు వద్దంటే "సారీ" చెప్పి మిషన్ మడిచేయండి. వాదన వద్దు.

మన దగ్గర మాత్రం తక్కువా? గుప్తనిధుల కోసం పాత గుళ్ల దగ్గర మిషన్లతో తవ్వి అరెస్టయిన ముఠాల వార్తలు పేపర్లలో చదువుతూనే ఉంటాం. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికినా కలెక్టర్‌కు చెప్పాలి. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వాన పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు. అక్కడ రాయి దొరికిన మనిషి ఆ మాట నోరు జారితే చాలు, వ్యాపారులు చుట్టూ మూగుతారు. రాయి అసలు ధర ఎంతో ఆ పేదవాడికి తెలియదు, వాళ్లు చెప్పిందే ధర. చేతిలో ఉన్నది చేజారిపోవడానికి దొంగే రానక్కర్లేదు, మన నోరు చాలు అని ఆ పొలాలు చెబుతున్నాయి.

సరే, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి పోతుంది. అప్పుడు ఏం చేయాలి? సిగ్గుపడి కూర్చోకూడదు. మొదటి గంటలో బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించాలి, పక్కవాడి ఫోను నుంచైనా సరే. తర్వాత సిమ్ ఆపించాలి, ఎందుకంటే ఓటీపీలు దానికే వస్తాయి. తర్వాత పోలీసులు. అత్యవసరమైతే 999, దుబాయ్‌లో మామూలు ఫిర్యాదుకు 901. దుబాయ్‌లో మనుషులు లేకుండా నడిచే స్మార్ట్ పోలీస్ స్టేషన్లు 24 గంటలూ తెరిచే ఉంటాయి. దొంగతనం జరిగితే "దొంగతనం" అని, పోగొట్టుకుంటే "పోయింది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పని త్వరగా కావాలని ఒకదాన్ని ఇంకోటిగా చెబితే మీరే చిక్కుల్లో పడతారు. ఎమిరేట్స్ ఐడీ మళ్లీ తీసుకోవడానికే 300 దిర్హమ్‌లు, పైన సర్వీసు ఖర్చులు. నెలకు వెయ్యి దిర్హమ్‌లు తెచ్చుకునే హెల్పర్‌కు అది వారం పైబడిన కష్టం. భాష రాక భయంగా ఉంటే మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ 800 46342. ఈ నంబర్లు ఫోనులో మాత్రమే ఉంటే ఫోను పోయినప్పుడు పనికిరావు. ఒక కాగితం మీద రాసి మంచం పక్కన గోడకు అంటించండి.

కంపెనీలకు కూడా ఒక మాట. ఆ తమ్ముడు జీతం డబ్బులు, కార్డు వెంట మోసుకుని ఎందుకు పోయాడు? రూములో ఎనిమిది మంది, తాళం వేసుకునే పెట్టె ఒక్కటి లేదు. వాడికి రూము కన్నా సంచే భద్రంగా తోచింది. మనిషికో చిన్న లాకర్ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? హెల్మెట్, షూ ఇచ్చినట్టే తాళం చెవి కూడా ఇవ్వండి. సోనాపూర్ అంటే బంగారు ఊరట. పేరులో బంగారం సరే, అక్కడ ఉండేవాడి కష్టార్జితానికి తాళమైనా ఉండాలి కదా. మన తెలుగు సంఘాలవాళ్లు కూడా ఉగాదికి, దసరాకు పాటల పోటీలు పెట్టినట్టే, ఏడాదికి ఒక్క సెలవు రోజు క్యాంపులకు వచ్చి ఈ చట్టాలు తెలుగులో చెప్పిపోతే పుణ్యం ఉంటుంది.

ఆ తమ్ముడు మూడు రోజుల తర్వాత నాతో పాటు స్టేషన్‌కు వచ్చాడు. అక్కడి ఆఫీసర్ మిషన్ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ఇన్ని రోజులు ఎందుకు ఆగావు?" అని మాత్రం అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. పోయిన డబ్బు ఇప్పటికీ రాలేదు. చెల్లె ఫీజు రూములో నలుగురం కలిసి సర్దాం.

వాడు ఇప్పటికీ బీచ్‌కు పోతున్నాడు. నేనూ పోతున్నాను. వాడు మిషన్ పడతాడు, నేను వెనక నిలబడతాను.