చుక్క లేని కథ



మా ఉప్పల్ వీధి పిల్లల కోసం కూర్చిన చిన్న పుస్తకమొకటి నాచారంలోని ఒక అచ్చుశాలకు ఇచ్చాను. చిత్తుప్రతి మూడు మార్లు దిద్దాను. తీరా నూరు ప్రతులూ ఇంటికి వచ్చాక చూతును గదా, అట్ట మీద 'తాతయ్య చెప్పిన కధలు' అని ఉన్నది! ఉద్యోగమంతా పిల్లల పుస్తకాలలో ఎర్రసిరాతో కొట్టివేసిన తప్పు, నా పేరు మీదనే వెలసింది.

వెళ్లి నిలదీశాను. పని చేసిన అబ్బాయి కంప్యూటరులో చూపించాడు. టైపు చేసినది 'థ'యే. పాతకాలపు కథల పుస్తకంలా కనబడాలని అట్టకు మాత్రం ఒక అలంకారపు ఖతి ఎంచుకున్నాడట. బొద్దు గీతలు, మెలికలు, కొసలకు తీగెలు. ఆ బొద్దుతనంలో 'థ' కడుపులోని చుక్క పూడిపోయింది. "సందర్భాన్ని బట్టి చదువుకుంటారులెండి మాస్టారూ" అన్నాడు.

పెద్దలు చదువుకుంటారు, నిజమే. ఏడేళ్ల పిల్లవానికి సందర్భమెక్కడిది? వాడు కంటితో చూచినదే చేతితో రాస్తాడు. రేపు వాడు 'కధ' అని రాస్తే మార్కు తీసివేసే హక్కు నాకున్నదా?

ఇంగ్లీషు ఖతులను చూచి మనవారు ఈ వేషాలు నేర్చారు. అక్కడ అక్షరం కొసలకుండే సెరిఫులు పెంచినా, తుంచినా అక్షరం మారదు. అవి నగలు. మన తలకట్టు నగ కాదు. 'క' తలకట్టు తీసి గుడి పెడితే 'కి' అవుతుంది. తలకట్టు ఒంటికి అంటకుంటే 'ప', అంటితే 'వ'. 'ద'కు క్రింద గీత ఇస్తే 'ధ'. ఆపైన కడుపులో చుక్క పెడితేనే 'థ'. ఆ చుక్క ఉంటే 'అర్థము', లేకుంటే 'అర్ధము', అనగా సగము. యూనికోడు సైతం ఈ రెంటికీ వేర్వేరు సంఖ్యలిచ్చి గౌరవించింది. సంఖ్య సరిగా ఉండి కంటికి తప్పు కనబడితే ఎవరికి లాభం?

నేను అలంకార ద్వేషిని కాను. 1947 జూలైలో పుట్టిన చందమామ పాత సంచికలతో చదువు నేర్చినవాణ్ణి. కథల పుస్తకానికి సొగసు వద్దంటానా? తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు మనకిచ్చిన పోతన2000 గీతలలో సన్నమూ ఉన్నది, లావూ ఉన్నది. సొగసుకూ స్పష్టతకూ వైరం లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి అంటూ కవుల పేర్లే ఖతులకు పెట్టుకున్న జాతి మనది. పేరుకిచ్చిన మర్యాద అక్షరానికీ ఇవ్వవద్దా?

ఖతులు గీసేవారికీ, బ్లాగు నెత్తిన వాటిని ముచ్చటగా పెట్టుకొనే మిత్రులకూ ఒక్కటే మనవి. ముందుగా 'కథ, అర్థము, అర్ధము, పవనము' అని టైపు చేసి, పెద్దగానూ చిన్నగానూ చూడండి. చదివించేందుకు ఒక పిల్లవాణ్ణి పిలవండి. వాడు తడబడితే ఆ ఖతిని, ఎంత అందమైనదైనా సరే, ప్రక్కన పెట్టండి.

నా నూరు ప్రతులకూ కలంతో ఆ చుక్క నేనే పెట్టుకున్నాను.