విజయనగర దానం – వేదస్వరం

జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ పరిష్కరించిన సాయణభాష్యసహిత ఋగ్వేదం 1849–1874 మధ్య తొలిసారి ముద్రితమైంది. 1890–92 నాటి ద్వితీయ ముద్రణకు ద్రవ్యపోషకులు విజయనగర ప్రభువు ఆనంద గజపతి మహారాజు.

నేడు జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయపు ‘వేదవెబ్’ ఆ ఋక్కులనే ప్రతిపద వ్యాకరణ వివరణతో కంప్యూటర్ తెరపై అందిస్తున్నది. పదపాఠంలో శాకల్యుడు ఆరంభించిన కార్యానికే ఇది కొనసాగింపు. పరకీయమని త్యజించడం అవివేకం.

అయితే యంత్రం పదాన్ని విడదీయగలదే కాని, ఉదాత్తానుదాత్త స్వరితాలను శిష్యుని కంఠంలో నిలుపజాలదు. అది గురుముఖైకలభ్యం. నాడు ముద్రణకు ధనమిచ్చిన విజయనగరమూ, పొరుగున ఉన్న శ్రీకాకుళమూ నేడు ఆ కంఠాన్ని పోషించాలి. దేవాలయానికి ఒక వేదాధ్యాపకుడు, ఆయన వద్ద ఇద్దరు విద్యార్థులు, వారికి భృతి: భక్తులకు ఇది అసాధ్యం కాదు. వినబడనిది శ్రుతి అనిపించుకోదు.