పందికి పెట్టిన తీగ మనిషిని పట్టుకుంటోంది

వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే వేళకు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో రైతుకు నిద్ర ఉండదు. పగలంతా చెరువులోని సర్కారు తుమ్మల్లో పడుకున్న అడవి పందులు చీకటి పడితే చాలు, మందగా చేల మీద పడతాయి. తినేది తక్కువ, పెళ్లగించేది ఎక్కువ. తెల్లారి పోయి చూస్తే చేను నాగలితో దున్నినట్లు ఉంటుంది. విత్తనం అప్పు, ఎరువు అప్పు. అలాంటి రైతు చేతికందిన ఉపాయం పట్టుకున్నాడంటే ఆయన్ను దోషిలా చూడడం తగదు. అయితే ఒక్క ఉపాయం మాత్రం ఈ రోజే మానుకోవాలి. చేను చుట్టూ సన్న తీగ లాగి దానికి కరెంటు తగిలించడం.

స్టార్టరు డబ్బా నుంచో, పైన పోయే లైనుకు కొక్కెం వేసో ఈ కరెంటు తీస్తున్నారు. తీగ మోకాలి ఎత్తున ఉంటుంది, చీకట్లో కనపడదు. నీళ్లు కట్టడానికో, ఆగిపోయిన మోటారు మళ్లీ వేయడానికో రాత్రిపూట చేలకు పోని రైతు ఎవరున్నారు? పక్క చేనాయన గట్టు దాటుతూ కాలు తగిలించుకుంటాడు. పొద్దున్నే పచ్చగడ్డికి పోయిన ఆడమనిషి పట్టుకుంటుంది. స్విచ్చి ఆపడం మరిచి, పెట్టినాయనే ప్రాణం పోగొట్టుకున్న సంఘటనలూ ఉన్నాయి. మనిషి చనిపోతే పోలీసు కేసు. దానికి తోడు 2003 విద్యుత్ చట్టం కింద కరెంటు దొంగతనం కేసు. కౌండిన్య అభయారణ్యం పక్కన ఉన్న మనకు ఏనుగుల బెడద వేరే ఉంది. పంది కోసం పెట్టిన తీగకు ఏనుగు పడితే మూడేళ్లకు తక్కువ కాని జైలు. ఎకరా వేరుశనగ ఎంత, ఈ నష్టం ఎంత?

సోలారు కంచె కూడా కరెంటే కదా అని కొందరు అడుగుతున్నారు. అది వేరు. బ్యాటరీ మీద నడిచే యంత్రం సెకనుకు ఒకసారి రెప్పపాటు కంటే తక్కువసేపు దెబ్బ కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. లైను కరెంటు 230 వోల్టులు పట్టుకుంటే వదలదు. సోలారు తీగలకే లైను కరెంటు కలిపేవాళ్లు కూడా ఉన్నారు, అది మరీ ఘోరం.

ఉచ్చులు, నాటు బాంబుల సంగతీ అంతే. పంది కోసం పెట్టిన బాంబును ఆవు కొరికితే దవడ ఎగిరిపోతుంది. ఉచ్చులో చిరుత పడితే కేసు సంగతి అటుంచండి, పంది పిల్లల్ని తినే జంతువును మనమే చంపుకున్నట్లు.

ఇక తుపాకీ. పంట కాపలాకు నాటు తుపాకీ లైసెన్సు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. కానీ తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, పందిని కాల్చే అనుమతి వేరు. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. అడవి పంది మూడో షెడ్యూలు నుంచి రెండో షెడ్యూలుకు మారింది. అయినా పంటకు నష్టం చేస్తే కాల్చడానికి 11వ సెక్షను కింద అటవీ శాఖ అనుమతి ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు గానీ, అర్జీ ఆఫీసులు తిరిగి కాగితం వచ్చేసరికి కాయలు పీకడం కూడా అయిపోతుంది! కేరళలో 2022లోనే పంచాయతీ అధ్యక్షులకు ఆ అధికారం ఇచ్చారు. పంట నూర్పిడికి ముందే కాగితం చేతికి అందేట్టు మండల స్థాయిలో ఆ అధికారం ఇక్కడ ఎందుకు ఇవ్వకూడదు? బీహార్‌లో 2015లో చేసినట్లు పందిని హానికర జంతువుగా ప్రకటించి ఎవరైనా కాల్చవచ్చనడం మాత్రం నాకు సమ్మతం కాదు. మంచెల మీద మనుషులు పడుకునే చేలల్లో రాత్రిపూట అందరి చేతుల్లో తుపాకులుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గురి తెలిసినవాళ్లు, లైసెన్సున్నవాళ్లు, పేరు రాసుకున్నవాళ్లే కాల్చాలి.

కాగితం వచ్చేలోపు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు ఆముదం దగ్గర దగ్గరగా వేసుకుంటే పంది లోపలికి రావడం తగ్గుతుంది. వేరుశనగకు ముళ్లున్న కుసుమ చెబుతారు. అది రబీ పైరు కాబట్టి బోరు కింద రబీ వేరుశనగకే కుదురుతుంది. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఈ రెండూ పరీక్షించి చెప్పినవే. ఒక్కరు వేస్తే మంద పక్క చేనుకు మళ్లుతుంది, అందుకని చుట్టుపక్కల నలుగురు కలిసి చేయాలి. అలాగే చెరువులో తుమ్మలు కొట్టించమని పంచాయతీని అడగండి. పందులకు ఇల్లు అక్కడే.

వన్యప్రాణుల వల్ల పోయిన పంటను 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేర్చుతామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. ఏ జంతువులకు, ఏ ప్రాంతాల్లో అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో తెలపాలన్నారు. చేతిలో ఆ ఫోను లేని రైతుకు రైతు సేవా కేంద్రంలోని సిబ్బంది చేసిపెట్టాలి. మన మండలాలన్నీ ఆ జాబితాలో ఉండేట్టు ఇప్పటి నుంచే గ్రామసభల్లో తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపుకోవాలి.