బురద చెప్పే సంగతి

నాట్లు పడ్డాక మిర్యాలగూడ, కోదాడ వైపు వెళితే సాగర్ ఎడమ కాలువ కింద కనుచూపు మేరా పచ్చదనమే. సూర్యాపేట దగ్గర మూసీ ఆయకట్టులోనూ అంతే. ఆ పచ్చదనం వెనకే మొగి పురుగు, దోమపోటు. వాటి వెనకే రైతు భుజాన స్ప్రేయరు. కొట్టిన మందంతా పురుగుకే తగలదు కదా! కొంత నేలలో కలుస్తుంది. గట్టి వాన పడితే గట్టు దాటి వాగులోకో చెరువులోకో చేరుతుంది. మరి గ్లాసులో తళతళలాడే నీళ్లలో అది ఉందో లేదో తెలిసేదెలా?

ఫ్లోరైడ్ బాధ పడ్డ ఉమ్మడి నల్గొండ జిల్లాకు నీటి పరీక్షలు కొత్త కాదు. కానీ ఫ్లోరైడ్‌ను కొలిచేది లీటరుకు మిల్లీగ్రాముల్లో. సీసాల్లో అమ్మే నీటికి మన దేశంలో పెట్టిన హద్దు ఒక్కో పురుగుమందుకు 0.1 మైక్రోగ్రాము మాత్రమే. అంటే కోటి లీటర్లలో ఒక్క గ్రాము! ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు వేలు వరసగా నిలబెట్టి, వాటిలో కలిసిన ఆ ఒక్క గ్రామును పట్టుకోవాలి.

అందుకే జాగ్రత్తలు సీసా దగ్గరే మొదలవుతాయి. కొన్ని మందులు ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి, కొన్ని వెలుతురుకు విరిగిపోతాయి. కాబట్టి ముదురు గోధుమరంగు గాజు సీసాలో నీళ్లు పట్టి, ఐస్ పెట్టెలో ల్యాబుకు చేర్చాలి. అక్కడ లీటరు నీటిలో డైక్లోరోమీథేన్ లాంటి ద్రావణి పోసి బాగా కుదుపుతారు. నీటిలోని మందు ద్రావణిలోకి వచ్చేస్తుంది. దాన్ని ఆవిరి చేస్తూ ఒక్క మిల్లీలీటరుకు తెస్తే, మందు వెయ్యి రెట్లు చిక్కబడుతుంది.

ఆ చుక్క గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోని సన్నటి పొడవాటి గొట్టంలో ప్రయాణిస్తుంది. ఒక్కో మందు ఒక్కో సమయానికి బయటికొస్తుంది. చివర్లో కాపలా కాసేది డిటెక్టర్. క్లోరిన్ ఉన్న మందుల్ని ఇట్టే పసిగట్టే డిటెక్టర్‌ను బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ 1957లో తయారుచేశారు. దొరికింది ఫలానా మందేనని రూఢి చేసేది మాస్ స్పెక్ట్రోమీటర్. ఇమిడాక్లోప్రిడ్ లాంటి వాటికి లిక్విడ్ క్రొమటోగ్రాఫ్ వాడతారు.

నీళ్లొక్కటే చూస్తే సగం కథే. మోనోక్రోటోఫాస్ నీటిలో తేలిగ్గా కరిగి ప్రవాహంతో పోతుంది. డీడీటీ, 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్ లాంటివి నీటిలో సరిగా కరగవు, ఒండ్రుకు అంటుకుంటాయి. అందుకే అడుగు బురదను ఆరబెట్టి, జల్లించి, ద్రావణితో గంటల తరబడి కడిగి మందును లాగుతారు. నీరు ఇవాళ్టి సంగతి చెబితే, బురద ఏళ్లనాటి సంగతి చెబుతుంది.

ఇక రిపోర్టులో 'కనబడలేదు' అని ఉంటే నిశ్చింతేనా? 2003కు ముందు సీసా నీటికి ఉన్న నిబంధన కూడా అదే... పరీక్షలో పురుగుమందు కనబడకూడదని! అప్పటి పరీక్షా పద్ధతికి అంత తక్కువ మోతాదును పట్టే శక్తి లేకపోయింది. ఆ ఏడాది ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ మరింత సున్నితమైన పరీక్షలతో ఆ నీటిలో అవశేషాలు చూపించాకే, అంకెల్లో హద్దులు వచ్చాయి.

కాబట్టి ఊరి చెరువు నీళ్లు పరీక్షకు పంపేవారు రెండు ప్రశ్నలు అడగాలి. ఏయే మందుల కోసం వెతికారు? ఎంత తక్కువ ఉన్నా పట్టగలరు? ఈ రెండూ తెలిస్తేనే 'కనబడలేదు' అన్న మాటకు విలువ.