ప్లాసిబో మాట ముందు ఎవరన్నారు?

డిప్రెషన్ మాత్రలకూ ఉత్తుత్తి మాత్రలకూ తేడా లేదన్న శీర్షిక తరచూ కనిపిస్తుంది. కింద ఇర్వింగ్ కిర్ష్ పేరు ఉంటుంది. 2008లో ఆయన బృందం చెప్పింది అంత తేలిక మాట కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు కంపెనీలు సమర్పించిన ప్రయోగ ఫలితాలన్నీ కలిపి చూస్తే సగటు తేడా స్వల్పమేనని, జబ్బు మరీ తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం అది చెప్పుకోదగ్గదని తేల్చారు. ఆ రెండో సగం శీర్షికలోకి ఎక్కదు. చదివి మందులు ఆపేసేవారికి కావలసింది మాత్రం అదే.

సైకోథెరపీ విషయంలో మరో తరహా అన్యాయం జరుగుతోంది. పద్ధతి ఏదైనా రోగి పెట్టుకున్న ఆశ, చికిత్సకుడితో కుదిరిన బంధం మేలు చేస్తాయన్నది కొత్త ఆలోచనేమీ కాదు. 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ ఈ వాదన చేశారు. అందరూ గెలిచారన్న 'ఆలిస్' కథలోని డోడో పక్షి తీర్పును వ్యాసం మొదట్లో పెట్టిందీ ఆయనే. 1975లో లెస్టర్ లుబోర్‌స్కీ బృందం వాడాక ఆ పోలిక ప్రచారంలోకి వచ్చింది, మొదట వాడినవాడు వెనకబడ్డాడు.

అంతకంటే నష్టం 1956 నాటి వ్యాసాన్ని మరిచిపోవడం. సైకోథెరపీ అంతా ప్లాసిబోనే అని డేవిడ్ రోజెంతాల్, జెరోమ్ ఫ్రాంక్ అనలేదు. రోగి బాగుపడ్డాడని చూపిస్తే సరిపోదని, అతడు అంతే నమ్మకంతో స్వీకరించే మరో చికిత్సతో పోల్చాలని అన్నారు. పేరుతోపాటు ఆ షరతూ పోయింది. చికిత్స కోసం ఎదురుచూసే జాబితాలోని వారితో పోల్చి గెలిచామనుకునే అధ్యయనాలు ఇప్పటికీ వస్తున్నాయి.

మన దేశంలో ఆ షరతుకు దగ్గరగా వెళ్లిన ప్రయోగం ఒకటుంది. 2003లో లాన్సెట్‌లో వచ్చిన గోవా అధ్యయనంలో విక్రమ్ పటేల్ బృందం 450 మందిని మూడు గుంపులు చేసి డిప్రెషన్ మాత్ర, ప్లాసిబో మాత్ర, మానసిక చికిత్స ఇచ్చి చూసింది. రెండు నెలలకు మాత్ర ప్లాసిబో కంటే మెరుగనిపించింది. మానసిక చికిత్స అనిపించలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు.

ఇప్పుడు ఎక్కువగా ఉటంకించేది అదే గోవాలో, విక్రమ్ పటేల్ నాయకత్వంలోనే జరిగి 2017లో వెలువడిన విజయాన్ని. శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లు తీవ్ర డిప్రెషన్ ఉన్నవారికి సాయపడ్డారు. చికిత్స పద్ధతి వేరు, పోల్చింది మెరుగుపరిచిన మామూలు వైద్యంతో. ఆరోగ్య కేంద్రంలో ఈ సేవను చేర్చితే లాభమా అన్న ప్రశ్నకు అది అవునంది. నమ్మకం చేసే మేలుకు మించి పద్ధతి ఏమైనా చేస్తుందా అన్నది 2003 నాటి ప్రశ్న.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కౌన్సెలర్లను పెంచడానికి ఇది చాలినంత కారణం. కానీ వారికి ఏం నేర్పాలో నిర్ణయించే అధికారి బల్ల మీద 2017 అధ్యయనం పక్కనే 2003 అధ్యయనమూ ఉండాలి.