చిప్పుకు తగిన ఘంటం

ఎలక్ట్రానిక్స్‌ను అభిరుచిగా సాధన చేసే విద్యార్థులకు మైక్రోకంట్రోలర్ చిప్పు కొనడం కష్టం కాదు. అందులో ప్రోగ్రామును లిఖించే సాధనాన్ని ఎంచుకోవడమే చిక్కు. కంప్యూటరులో రాసిన ప్రోగ్రామును చిప్పులోని ఫ్లాష్ మెమొరీకి చేర్చే ఈ పరికరాన్ని ప్రోగ్రామర్ అంటారు. తాటాకు ఎంత మేలైనదైనా ఘంటం లేనిదే దానిపై అక్షరం నిలువదు. అయితే గంటు పడిన తాటాకును మళ్ళీ నున్నగా చేయలేము. ఏటీమెగా328పీ వంటి చిప్పును మాత్రం పదివేల సార్లు చెరిపి రాయవచ్చునని తయారీదారులే పేర్కొన్నారు.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ వీధిలోనో దుకాణం ముందు నిలిచినవారిని రెండు ఆలోచనలు తప్పుదారి పట్టిస్తాయి. ఎందుకైనా మంచిదని అన్ని రకాల చిప్పులకూ పనికివచ్చే ఖరీదైన ప్రోగ్రామర్‌ను కొనాలనుకోవడం ఒకటి. ఏ చిప్పుకో విచారించకుండా అన్నిటికంటే చౌకైనదాన్ని తీసుకోవడం మరొకటి. రెండింటిలోనూ సొమ్ము వృథా అయ్యే అవకాశముంది. ముందుగా చిప్పును నిర్ణయించుకోవాలి.

ఏవీఆర్ జాతిలోని పలు చిప్పులకు యూఎస్‌బీఏఎస్‌పీ అనే చిన్న ప్రోగ్రామర్ చాలు. థామస్ ఫిష్ల్ రూపొందించిన దీని సర్క్యూటు, లోపలి ప్రోగ్రాము అందరికీ బహిరంగంగా లభిస్తాయి. అందుకే పలువురు దీనిని తయారు చేసి తక్కువ ధరకు అమ్ముతున్నారు. చెడిపోతే బాగుచేసుకోవడమూ సాధ్యమే. చౌకదనం కన్న ఈ బాహాటమే దీని అసలు గుణం. తయారీ రహస్యాన్ని దాచిన పరికరం, దాని సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటరులో పనిచేయని నాడు బల్లమీది బరువుగా మిగులుతుంది. యూఎస్‌బీఏఎస్‌పీని స్వయంగా తయారు చేసుకోదలచినవారికి మాత్రం ఒక చమత్కారం ఎదురవుతుంది: అందులోని చిప్పులో ప్రోగ్రాము రాయడానికి మరొక ప్రోగ్రామర్ కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్లే.

పిక్ జాతి చిప్పులకు ఇది పనికిరాదు. 2016 నుండి ఏవీఆర్, పిక్ రెండూ మైక్రోచిప్ సంస్థవే అయినా, వాటిలో రాసే పద్ధతులు వేరు.

చౌక సాధనానికి హద్దు ఫ్యూజ్ బిట్ల వద్ద తెలుస్తుంది. చిప్పు ఏ గడియారాన్ని అనుసరించాలో, రీసెట్ కాలు ఎలా పనిచేయాలో నిర్ణయించేవి ఇవే. బయటి క్రిస్టల్ లేకుండానే ఉన్నట్లు ఎంచుకుంటే చిప్పు మూగబోతుంది. క్రిస్టల్ అమరిస్తే మళ్ళీ పలుకుతుంది. రీసెట్‌నే రద్దు చేస్తే దానిని కోలుకొనేలా చేయడానికి 12 వోల్టుల ప్రత్యేక పద్ధతి అవసరం. ఆ శక్తి యూఎస్‌బీఏఎస్‌పీకి లేదు. అయినా ఆ ఒక్క భయంతో తొలినాడే ఖరీదైన యంత్రం కొనడం తగదు.

ఇప్పటికే ఆర్డుయినో ఊనో బోర్డు ఉన్నవారు అసలు ప్రోగ్రామరే కొననక్కరలేదు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఒక ఉదాహరణ ప్రోగ్రామును అందులోకి ఎక్కిస్తే, ఆ బోర్డే మరొక ఏవీఆర్ చిప్పుకు ప్రోగ్రామర్‌గా మారుతుంది. కావలసినవి ఆరు తీగలు, ఒక కెపాసిటర్. మిగిలిన సొమ్ముతో అదనంగా రెండు చిప్పులు కొనుక్కోవడం మేలు. ఫ్యూజ్ బిట్ల వద్ద ఒకటి పోయినా ఆ సాయంత్రం పని ఆగదు.