లేజరు ఎవరి చేతిలో ఉండాలి?

ఎండాకాలం మధ్యాహ్నం భూతద్దంతో కాగితం కాల్చే ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. (అద్దంలోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి.) ఈసారి తెల్లకాగితం మీద సిరాతో ఒక పెద్ద నల్లచుక్క పెట్టి చూడండి. తెల్లచోటు కంటే నల్లచుక్క దగ్గర పొగ ముందు లేస్తుంది. నలుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న కాంతి వేడిగా మారుతుంది.

అందం కోసం ముఖం మీది, చేతుల మీది వెంట్రుకలను తొలగించే లేజరు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. వెంట్రుకలోని మెలనిన్ అనే రంగుపదార్థం కాంతిని పీల్చి వేడెక్కుతుంది. ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. మైమన్ అనే శాస్త్రజ్ఞుడు 1960లో మొదటి లేజరును వెలిగించాడు. ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంతసేపు ప్రసరింపజేస్తే చుట్టుపక్కల చర్మం చెడకుండా లక్ష్యం మాత్రమే కాలుతుందో 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికన్ డాక్టర్లు వివరించారు.

చిక్కల్లా మెలనిన్ చర్మంలో కూడా ఉండటమే! 755 నానోమీటర్ల లేజరు తెల్లని చర్మం మీద పనిచేసినట్లు మనవంటి చామనఛాయ చర్మం మీద పనిచేయదు. పైపొరే కాలి బొబ్బలు ఎక్కవచ్చు, మచ్చలు మిగలవచ్చు. మనవంటి వారికి లోతుగా దిగే 1064 నానోమీటర్ల లేజరు మేలు. అయితే ఆ కాంతి కంటికి కనబడదు. కనబడదు కనుక రెప్ప తనంతట తాను మూసుకోదు. కటకం దాన్ని తిన్నగా రెటీనా మీద కేంద్రీకరిస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. చదరపు సెంటీమీటరుకు 20 జౌళ్ల శక్తిని సెకనులో నూరోవంతు కాలంలో పంపామనుకోండి. 20ని 0.01తో భాగిస్తే 2000 వాట్లు. నడినెత్తి ఎండలో అదే చదరపు సెంటీమీటరు మీద పడేది దాదాపు 0.1 వాటు. అంటే ఎండకు 20,000 రెట్లు! "మీట నొక్కడానికి లైసెన్సు దేనికి?" అనేవారు ముందు ఈ లెక్క చేయాలి.

అమెరికాలో డాక్టర్ల దగ్గర మెడికల్ అసిస్టెంట్లు అనే సహాయకులు ఉంటారు. రక్తపోటు చూస్తారు, కట్లు కడతారు. కాలిఫోర్నియాలో వీరికి లైసెన్సు ఉండదు. 10 గంటల శిక్షణ పొంది, 10 సార్లు సరిగా చేసి చూపితే డాక్టరు ఆజ్ఞ మీద ఇంజెక్షన్లు కూడా ఇవ్వవచ్చు. కాని లేజరును మాత్రం ముట్టరాదు. డాక్టరు పక్కనే నిలబడి ఉన్నా సరే! డాక్టర్లు, వారి పర్యవేక్షణలో పనిచేసే రిజిస్టర్డ్ నర్సులు, ఫిజీషియన్ అసిస్టెంట్లు దాన్ని వాడవచ్చు.

ఈ నిషేధం కఠినమే అయినా నేను దాని పక్షమే. సూదిమందుకు సరిపోయే పది గంటలు లేజరుకు చాలవు. సూది ఎక్కడ గుచ్చుతున్నామో కంటికి కనబడుతుంది. 1064 నానోమీటర్ల కాంతి కనబడదు. పైగా సహాయకుని వేతనం నర్సు వేతనం కంటే తక్కువ కనుక, తలుపు కొంచెం తెరిస్తే చాలు, కొందరు యజమానులు లేజరును వారి చేతిలో పెట్టేస్తారని నా అనుమానం.

అయితే ఆ నియమంలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. నర్సు లేజరు వాడేటప్పుడు డాక్టరు అదే గదిలో ఉండనక్కరలేదు, ఫోనులో వెంటనే దొరికితే చాలును. నర్సు లైసెన్సు మంచిదే. కాని అది లేజరు కోసం పెట్టిన పరీక్ష కాదు గదా! హోదాను చూసి కాంతి తన ధర్మాన్ని మార్చుకోదు. ఏళ్ల తరబడి పక్కన నిలబడి పని చూసిన సహాయకురాలు నేర్చుకోవాలన్నా ఆమెకు దారి లేదు. కొత్తగా వచ్చిన నర్సుకేమో దారి తెరిచే ఉంది.

టెక్సాస్ వేరే దారి పట్టింది. వెంట్రుకలు తొలగించే లేజరు పనికి అక్కడ 2009లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. అప్రెంటిస్, టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, ప్రొఫెషనల్ అని నాలుగు మెట్లు పెట్టారు. శిక్షణ పొంది, పైమెట్టు వారి పర్యవేక్షణలో పనిచేసి ఒక్కొక్క మెట్టు ఎక్కాలి. నాకు ఈ మెట్ల పద్ధతి నచ్చింది. దానికి తోడు నర్సయినా, సహాయకుడైనా అందరికీ ఒకే లేజరు పరీక్ష పెడితే కాలిఫోర్నియా కూడా తన నిషేధాన్ని సడలించవచ్చునని నా అభిప్రాయం.

ఆ రెండు రాష్ట్రాల్లోనూ మన తెలుగువారు చాలామంది ఉన్నారు. మీ అక్కలో, పిన్నులో అక్కడుంటే ఈ వ్యాసం చదివి వినిపించండి. లేజరు పట్టుకొనేవారి లైసెన్సు ఏమిటో, ఆ యంత్రం తరంగదైర్ఘ్యం ఎంతో ముందుగా అడగమనండి.

ఆ పరీక్ష ఎప్పటికైనా పెడితే మొదటి ప్రశ్న నేనే ఇస్తాను: ఎదుట కూర్చున్నది చామనఛాయ మనిషి, 755, 1064లలో దేన్ని ఎంచుకుంటావు? కారణం రాయుము.